బురదలో తుప్పు

గోదావరి డెల్టాలో ఇనుము త్వరగా పాడైతే నేరమంతా ఉప్పుగాలి మీద మోపుతాం. గాలి తగిలే ఇనుము విషయంలో అది నిజమే; మామూలు తుప్పుకు నీరూ ఆక్సిజనూ రెండూ కావాలి. అయితే రొయ్యల చెరువు తూము దగ్గర ఏళ్ల తరబడి బురదలో కూరుకుపోయిన ఇనుప గొట్టాన్ని పైకి లాగి చూడండి. పైభాగం ఎర్రగా పెచ్చులు కట్టి ఉంటే, బురదలోని భాగానికి కాటుకలాంటి నల్లటి పూత పట్టి ఉంటుంది. చాకుతో గీకితే దాని అడుగున లోహం మెరుస్తూ, గుంటలు పడి కనిపిస్తుంది. ఆ పూత మీద పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వేస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది.

ఇది సల్ఫేటును క్షయకరణం చేసే బ్యాక్టీరియా పని. మనం ఆక్సిజన్‌ను వాడుకున్నట్లే ఇవి సల్ఫేటును వాడుకొని, ఆ కుళ్ళిన గుడ్డు వాసనకు కారణమైన హైడ్రోజన్ సల్ఫైడు వాయువును వదులుతాయి. అది ఇనుముతో కలిసి నల్లటి ఐరన్ సల్ఫైడు అవుతుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది, ఏటి ఒండ్రులో కుళ్ళే ఆకులకూ అలములకూ కొదవ లేదు. ఈ రెండూ కలిసే కోరంగి మడ అడవుల్లోనూ, ఉప్పునీటి కాలువల అడుగునా ఈ జీవులకు కావలసినంత ఆహారం దొరుకుతుంది. రొయ్యల రైతులు వీటిని పేరుతో కాకపోయినా వాసనతో ఎరుగుదురు. ఆ వాయువు రొయ్యల ప్రాణం తీస్తుంది కనుకనే పట్టుబడి అయ్యాక చెరువును ఎండగట్టి నల్లమట్టిని ఎత్తిపోస్తారు.

మనలాగే డెల్టాలో బతికే నెదర్లాండ్స్‌లో ఈ గుట్టు విప్పే ప్రయత్నం జరగడం సహజం. గాలి చొరని నేలలో పోత ఇనుప గొట్టాలు ఆకారం చెదరకుండానే మెత్తబడి, వాటిలోని గ్రాఫైటు (ఒక రూపంలోని కార్బన్) మాత్రం మిగలడాన్ని అక్కడి శాస్త్రవేత్తలు వాన్ వోల్జోజెన్ కూర్, వాన్ డెర్ ఫ్లుగ్ట్ పరిశీలించారు. ఇనుము ఉపరితలం మీద పేరుకునే హైడ్రోజన్‌ను బ్యాక్టీరియా తినేయడం వల్లనే తుప్పు ఆగకుండా సాగుతుందని 1934లో ప్రతిపాదించారు. ఆ వివరణ అసంపూర్ణమని తర్వాత తేలింది; కొన్ని జాతులు హైడ్రోజన్ కోసం ఆగకుండా ఇనుము నుంచే నేరుగా ఎలక్ట్రాన్లను గుంజుకోగలవని 2004లో జర్మనీ శాస్త్రవేత్తలు చూపారు. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించే సంగతి ఇదే.

పోటూ పాటూ వచ్చే చోట నష్టం మరీ ఎక్కువ, ఎందుకంటే సల్ఫైడు పేరుకున్న ఇనుముకు అప్పుడప్పుడూ ఆక్సిజన్ తగిలితే గుంటలు ఇంకా వేగంగా లోతుకు దిగుతాయి. కనుక కనిపించే భాగానికి రంగు వేసి ఊరుకోకూడదు. భూమిలోని ఉక్కు గొట్టాలకు కాథోడిక్ రక్షణ (బయటి నుంచి ఎలక్ట్రాన్లు అందించి తుప్పును ఆపే పద్ధతి) ఇచ్చేటప్పుడు, రాగి-రాగి సల్ఫేటు ఎలక్ట్రోడుతో పోల్చి కొలిచిన గొట్టపు విద్యుత్ పొటెన్షియల్ మామూలు నేలలో −0.85 వోల్టులుంటే చాలంటారు; ఈ బ్యాక్టీరియా ఉన్న నేలలో మాత్రం −0.95 వోల్టుల దాకా తీసుకువెళ్లాలి.