సర్వైవల్ అనాలిసిస్: మెథడ్స్‌లో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుందా?

అపోహ: "కాప్లాన్-మేయర్, లాగ్-ర్యాంక్, కాక్స్ వాడాం" అని మెథడ్స్‌లో (పేపర్‌లో పద్ధతులు చెప్పే భాగంలో) రాస్తే చాలు.

వాస్తవం: సర్వైవల్ అనాలిసిస్ అంటే రోగులు ఎంతకాలం బతికారన్నట్టి లెక్క. అందులో కాప్లాన్-మేయర్ ఏ సమయానికి ఎంత శాతం బతికున్నారో చూపే గీత, లాగ్-ర్యాంక్ ఆ గీతలను పోల్చే పరీక్ష, కాక్స్ గ్రూపుల మధ్య ముప్పును పోల్చే మోడల్. ఆ ఒక్క వాక్యంతో సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కారో తప్ప ఇంకేమీ తెలియదు. పీజీ థీసిస్ అయినా పెద్ద జర్నల్ పేపర్ అయినా ముందు వెతకాల్సినవి మూడు: కాలం ఏ రోజు నుంచి లెక్కపెట్టారు (నిర్ధారణ, చీటీ తీసినట్టు గ్రూపులకు కేటాయించే ర్యాండమైజేషన్, ఆపరేషన్‌లలో ఏది), ఈవెంట్ అంటే ఏమిటి (మరణమా, జబ్బు తిరగబెట్టడమా), ఎవరిని ఎందుకు సెన్సార్ చేశారు (అంటే ఈవెంట్ కనిపించకుండానే, చివరిసారి చూసిన రోజుతో వాళ్ల లెక్క ఆపేశారు). 1991 చివర్లో ఐదు క్యాన్సర్ జర్నళ్లలో వచ్చిన 132 పేపర్లను గణాంక శాస్త్రవేత్త ఆల్ట్‌మన్ బృందం జల్లెడ పట్టి 1995లో ఫలితాలు ప్రచురించింది. దాదాపు సగం పేపర్లలో ఫాలో-అప్ (రోగులను గమనించడం) ఎంతకాలమో లేదు. 62 శాతం పేపర్లలో కనీసం ఒక ఎండ్‌పాయింట్ (కొలిచే ఫలితం) నిర్వచనం స్పష్టంగా లేదు.

అపోహ: మధ్యలో మానేసిన వాళ్లను తీసేస్తే పోలా?

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. పదిమంది రోగులనుకోండి. మూడో నెలలో ఒకరు చనిపోయారు, ఐదో నెల తర్వాత ఇద్దరి ఆచూకీ లేదు, ఎనిమిదో నెలలో ఇంకొకరు చనిపోయారు, మిగతా ఆరుగురు ఏడాది చివరికి బతికే ఉన్నారు. ఆ ఇద్దరినీ తీసేస్తే ఏడాది సర్వైవల్ 75 శాతం. చనిపోయారనుకుంటే 60, బతికున్నారనుకుంటే 80. కాప్లాన్-మేయర్‌లో వాళ్లు ఐదో నెల దాకా లెక్కలో ఉంటారు, ఎనిమిదో నెలకు రిస్క్‌లో (ఇంకా లెక్కలో) ఏడుగురే: 9/10 × 6/7, అంటే 77.

ఆ 77 కూడా ఒక షరతు మీదే నిలబడుతుంది. మానేయడానికీ జబ్బు ముదరడానికీ సంబంధం ఉండకూడదు. మన ఆసుపత్రుల్లో ఇక లాభం లేదని ఇంటికి తీసుకెళ్లిపోయిన రోగిని "లాస్ట్ టు ఫాలో-అప్" (ఆచూకీ లేదు) అని రాసేస్తే 77 కూడా అతిశయోక్తే. అందుకే సెన్సార్ అయినవాళ్ల సంఖ్యను కారణాలవారీగా, గ్రూపులవారీగా ఇవ్వాలి. మీడియన్ (మధ్య విలువ) ఫాలో-అప్‌ను రివర్స్ కాప్లాన్-మేయర్‌తో తీయాలి: మరణాన్ని సెన్సార్‌గా, సెన్సార్‌ను ఈవెంట్‌గా తిప్పి అదే లెక్క చేస్తే వస్తుంది.

అపోహ: హజార్డ్ రేషియో (ఒక గ్రూపులో ముప్పు రెండో గ్రూపుతో పోలిస్తే ఎన్ని రెట్లో చెప్పే అంకె) ఒక్కటి చాలు.

వాస్తవం: 2009 ఐపాస్ అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ ట్రయల్‌లో గెఫిటినిబ్ మాత్ర, కీమో గీతలు ఒకదాన్నొకటి దాటాయి. మొత్తం మీద రేషియో 0.74 (ఒకటికంటే తక్కువైతే గెఫిటినిబ్ మేలు). కణితిలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు (మ్యుటేషన్) ఉన్నవాళ్లలో అది 0.48, లేనివాళ్లలో 2.85. గీతలు దాటితే ఒక్క రేషియో కాలమంతటికీ సరిపోదు. అందుకే ప్రపోర్షనల్ హజార్డ్స్ (రేషియో కాలమంతా ఒకేలా ఉందా అన్నది) పరీక్షించారా, దానికి వాడే షోన్‌ఫెల్డ్ రెసిడ్యువల్స్ చూశారా అన్నది పేపర్‌లో ఉండాలి.

అపోహ: మీడియన్ సర్వైవల్ 14 నెలలంటే నాన్నకు 14 నెలలే.

వాస్తవం: కాదండీ. సగం మంది అంతకంటే ఎక్కువే బతికారని అర్థం. మీ నాన్నగారి స్టేజ్, వయసు ఆ స్టడీలో వాళ్లతో సరిపోతాయో లేదో డాక్టర్‌ని అడగండి.

అపోహ: గ్రాఫ్ చివర గీత నేలకు సమాంతరంగా సాగితే జబ్బు నయమైనట్టే.

వాస్తవం: వాట్సాప్‌లో తిరిగే గ్రాఫుల్లో అడుగున ఉండే "నంబర్ ఎట్ రిస్క్" (ఆ సమయానికి ఇంకా ఎంతమంది లెక్కలో ఉన్నారో చెప్పే) వరస కత్తిరించేసి ఉంటుంది. అక్కడ ముగ్గురే మిగిలి ఉంటే ఒక్క మరణంతో 60 శాతం కాస్తా 40కి పడిపోతుంది.