ఇంగ్లీషు లిజనింగ్ పరీక్షలో నోట్సు: అపోహలు - వాస్తవాలు

అపోహ: వినిపించినదాంట్లో ఎంత ఎక్కువ రాసుకుంటే అంత మంచిది.

వాస్తవం: నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల నుంచి నా తరగతికి వచ్చే విద్యార్థుల్లో ఎక్కువగా కనిపించే అపోహ ఇదే. ఇంటర్, డిగ్రీ అంతా అధ్యాపకులు చెప్పింది చెప్పినట్టు రాసుకున్న చేతికి ఆగడం తెలియదు. విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో రికార్డింగు ఒక్కసారే వినిపిస్తుంది కాబట్టి, ఒక వాక్యాన్ని పూర్తిగా రాసే ప్రయత్నంలో తర్వాతి రెండు వాక్యాలు చెవిన పడకుండానే పోతాయి.

తరగతిలో నేను రొయ్యల చెరువుల మీద ఒక చిన్న ఇంగ్లీషు ప్రసంగం చదివి వినిపిస్తుంటాను. పగటి వెలుతురులో నాచు ఆక్సిజన్‌ను విడుదల చేస్తుందని, రాత్రి ఆ పని ఆగిపోయినా నాచుతో సహా చెరువులోని ప్రాణులన్నీ శ్వాసిస్తూనే ఉంటాయని, అందువల్ల తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుందని అందులో ఉంటుంది. దీనికి ‘రాత్రి – వెలుతురు లేదు – ఆక్సిజన్’ అని రాసి, పక్కన కిందికి ఒక బాణం గీసి, ‘తెల్లవారుజాము’ అని చేరిస్తే చాలు. చిత్రమేమిటంటే, ఇంట్లో చెరువులున్న పిల్లలే ఇక్కడ ఎక్కువగా పొరబడతారు; ప్రసంగంలో ఎక్కడా లేని ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు), మేత వారి నోట్సులోకి వచ్చి చేరతాయి. తెలిసిన విషయమైతే నోట్సు అక్కర్లేదనే నమ్మకం కూడా అపోహేనని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అవసరం లేదు.

అపోహ: నోట్సు ఇంగ్లీషులోనే ఉండాలి.

వాస్తవం: నోట్సుకు మార్కులు లేవు. తెలుగు అక్షరాలు, బాణాలు, అంకెలు, మీకు మాత్రమే అర్థమయ్యే గుర్తులు ఏవైనా వాడుకోవచ్చు. జవాబు మాత్రం ఇంగ్లీషులో, స్పెల్లింగు తప్పకుండా ఉండాలి.

అపోహ: ఒకే పద్ధతి అన్ని పరీక్షలకూ సరిపోతుంది.

వాస్తవం: ఐఈఎల్‌టీఎస్‌లో 40 ప్రశ్నలూ ముందే కళ్లెదుట ఉంటాయి, కాబట్టి పేపర్ పరీక్షలో ప్రశ్నపత్రమే మీ నోట్సు, కీలక పదాల కింద గీత గీసుకుని ఖాళీల పక్కనే రాసుకోవాలి. టోఫెల్ ఉపన్యాసాల్లో ప్రశ్నలు విన్న తర్వాతే వస్తాయి, అందుకే అక్కడ ప్రధానాంశం, కారణం, ఉదాహరణ వేర్వేరుగా కనిపించేలా రాసుకోవాలి. మా దగ్గరి నర్సింగ్ విద్యార్థులు రాసే ఓఈటీ (వైద్యరంగంలోని వారికి పెట్టే ఇంగ్లీషు పరీక్ష) లిజనింగ్ మొదటి భాగంలో రోగితో జరిగే సంభాషణ వింటూ, సగం నింపి ఇచ్చిన నోట్సులోని ఖాళీలను పూరించాలి.

అపోహ: మొదట విన్న అంకె లేదా రోజే సరైన జవాబు.

వాస్తవం: ‘మంగళవారం అనుకున్నాం, కానీ గురువారానికి మార్చాం’ అన్న తరహా సవరణలు ఈ పరీక్షల్లో మామూలే. మొదటిదాన్ని చెరపకుండా అడ్డంగా కొట్టేసి, రెండోదాన్ని పక్కన రాయండి. ఒక జవాబు జారిపోతే దాని కోసం ఆగవద్దు. ఐఈఎల్‌టీఎస్‌లో జవాబులు ప్రశ్నల వరుసలోనే వస్తాయి, తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఆ ఖాళీని చివర్లో ఊహతోనైనా నింపవచ్చు.