ప్రాజెక్టు పని మార్కుల గడిలోకి ఎలా చేరింది?

పదో తరగతిలో ప్రాజెక్టులు, లఘు పరీక్షల వంటివాటికి బడే వేసే ఇరవై ఇంటర్నల్ మార్కులు ఉంచాలా, తీసేయాలా అన్న వాదన తెలంగాణలో మళ్లీ రాజుకుంది. 2024 నవంబరులో ప్రభుత్వం వాటిని ఎత్తేసి పరీక్ష మొత్తం వంద మార్కులకు పెడతామంది. మరుసటి రోజే ఆ ఏడాదికి వాయిదా వేసింది. 2025-26లోనూ పరీక్షకు 80, ఇంటర్నల్స్‌కు 20 అన్న పద్ధతే నడిచింది. చర్చంతా పదో తరగతి చుట్టూనే తిరుగుతోంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు నలుగురు కూర్చుని చేతులతో ఒక వస్తువు తయారు చేసే అవకాశం ఏమైందని మాత్రం ఎవరూ అడగడం లేదు. అసలు కథ అక్కడే ఉంది.

చేతులతో చేస్తూ నేర్చుకోవాలన్న ఆలోచన పాతదే. గాంధీజీ వార్ధాలో ముందుకు తెచ్చిన నయీ తాలీం (చేతిపని ద్వారా చదువు) నుంచి 2005 జాతీయ విద్యా ప్రణాళిక చట్రం దాకా చాలామందికి తెలిసిన సంగతులే. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన పాఠ్యప్రణాళిక పరిధి పత్రం దగ్గర ఆగుదాం. దాని వెంటే కొత్త పుస్తకాలు వచ్చాయి. సామాన్యశాస్త్రం తెరిస్తే పేజీ పేజీకీ కృత్యాలు. గింజలు నానబెట్టి చూడండి, ఊళ్లో చెరువు నీళ్లు ఎటు పోతున్నాయో అడిగి రండి, జట్టుగా చర్చించండి. మన బడుల్లోకి వచ్చిన మంచి పుస్తకాల్లో అవి ముందువరుసలో ఉంటాయని నా నమ్మకం.

మలుపు పుస్తకాల్లో రాలేదు, మూల్యాంకనంలో వచ్చింది. విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే ఏడాది పొడవునా పిల్లల ఎదుగుదలను అన్ని వైపుల నుంచీ చూడటం, కావాలంది. దాన్ని అమలు చేస్తూ నిర్మాణాత్మక మూల్యాంకనాన్ని (పాఠం నడుస్తుండగానే పిల్లల నేర్పును అంచనా వేయడాన్ని) నాలుగు ముక్కలు చేశారు: పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష. ఏడాదికి నాలుగు సార్లు, ప్రతి సబ్జెక్టులోనూ. ఆరు సబ్జెక్టులనుకున్నా ఒక్కో పిల్లవాడికి ఏడాదికి ఇరవై నాలుగు ప్రాజెక్టులు. తరగతిలో నలభై మంది ఉంటే 960 నివేదికలు. పని జట్టుది, మార్కు మాత్రం ఒక్కొక్కరిది. అందుకని చేసిన వస్తువు కంటే దాని గురించి రాసిన కాగితానికే విలువ వచ్చింది. తర్వాత ఇదే పద్ధతి పదో తరగతికి పాకి, బోర్డు ఫలితంలో ఇరవై మార్కులైంది.

ఒక ప్రభుత్వ బడిలో ఏడో తరగతి పిల్లలు నీటి వడపోత పరికరం చేస్తుంటే నేను దగ్గరుండి చూశాను. ఒకడు ప్లాస్టిక్ సీసా అడుగు కోశాడు. ఒక అమ్మాయి పక్కన కడుతున్న ఇంటి దగ్గర్నుంచి ఇసుక తెచ్చింది. గులకరాళ్లు, ఇసుక, బొగ్గు పొరలు పరిచి బురద నీళ్లు పోస్తే, పోసిన దానికంటే నల్లటి నీళ్లు కింద పడ్డాయి. తప్పు నీదంటే నీదని కాసేపు పోట్లాట. అంతవరకూ నోరు విప్పని పిల్ల “బొగ్గు కడగలేదు కదా” అంది. కడిగారు, మళ్లీ పేర్చారు. మూడోసారికి నీళ్లు తేటపడ్డాయి. ఈ పనికి రెండు పీరియడ్లు పట్టింది. ఆ ఉపాధ్యాయురాలు సిలబస్ వెనకబడుతుందని భయపడుతూనే ఆ సమయం ఇచ్చారు.

అదే ఊళ్లో స్టేషనరీ దుకాణంలో “నీటి శుద్ధి” ప్రాజెక్టు అచ్చువేసి సిద్ధంగా ఉంది. బొమ్మలు కత్తిరించి అతికించుకుంటే చాలు. ఉపాధ్యాయులు చాలా ఏళ్లుగా మొత్తుకుంటున్నది దీని గురించే. రిజిస్టర్లు నింపడానికే పీరియడ్లు పోతున్నాయని, తనిఖీకి వచ్చినవారు నివేదిక ఉందా అని చూస్తారే తప్ప పిల్లలు ఏం చేశారని అడగరని వారి బాధ.

ఇంటర్నల్స్ ఎత్తేయాలన్న వైపు వాదన వేరు. పిల్లలు పని చేసినా చేయకపోయినా ప్రైవేటు బడులు ఇరవైకి ఇరవై వేస్తున్నాయని, ర్యాంకులు తారుమారవుతున్నాయని వారంటారు. ఆంధ్రప్రదేశ్ 2019లో ఇదే ఆరోపణతో వాటిని తీసేసింది. ఆరోపణలో నిజముంది. మందు మాత్రం అది కాదు.

ఎందుకంటే మరో దారి ఈ దేశంలోనే ఉండేది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు మాధ్యమిక పాఠశాలల్లో మొదలై, 1978 నాటికి జిల్లా అంతటా పాకిన విజ్ఞాన బోధన కార్యక్రమంలో పిల్లలు నలుగురేసి జట్లుగా ప్రయోగాలు చేసేవారు. ప్రతి బడికీ సామగ్రి పెట్టె ఉండేది. ఉపాధ్యాయులు నెలనెలా కలుసుకుని తమ ఇబ్బందులు మాట్లాడుకునేవారు. ఎనిమిదో తరగతి పరీక్షకు పుస్తకం తెరిచి రాయొచ్చు, ప్రయోగం చేసి చూపించాలి. అంటే చేతిపనిని చేతిపనిగానే పరీక్షించారు. ముప్ఫై ఏళ్లు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో ఆ రాష్ట్ర ప్రభుత్వమే మూసేసింది.

ఇప్పుడు ఆశలన్నీ అటల్ టింకరింగ్ ల్యాబుల మీద, అంటే పిల్లలు సొంతంగా వస్తువులు తయారు చేసి చూసేందుకు కేంద్రం బడుల్లో పెట్టిస్తున్న ప్రయోగశాలల మీద, పెట్టుకున్నారు. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు ఉద్దేశించిన ఈ ల్యాబులకు ఒక్కో బడికి ఇరవై లక్షల రూపాయల దాకా ఇస్తారు. వచ్చే ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో యాభై వేలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్ చెప్పింది. త్రీడీ ప్రింటర్ వస్తుంది, సెన్సర్లు వస్తాయి, సంతోషమే. వాటి ముందు నలుగురు పిల్లలు రెండు పీరియడ్లు కూర్చోవడానికి టైంటేబుల్‌లో చోటు ఎవరిస్తారో, మూడుసార్లు చెడగొట్టి నేర్చుకున్న జట్టుకు రిజిస్టర్‌లో ఏం రాస్తారో ఆ ప్రకటనలో లేదు. ఇంటర్నల్ మార్కుల చర్చలోనూ లేదు.