ప్లాన్ పెంచే ముందు వైరు చూడండి: ఇంటి నెట్, వెబ్‌సైట్ల మీద అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఇళ్లకు, లాడ్జీలకు నెట్ వైర్లు లాగడం, చిన్న షాపుల వెబ్‌సైట్లు చూసుకోవడం నా పని. పన్నెండేళ్లుగా ఇదే చేస్తున్నాను. జబ్బు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట వేసి, కష్టపడి సంపాదించిన డబ్బు పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అందుకే రోజూ నా చెవిన పడే మాటలు కొన్ని, వాటి వెనకున్న అసలు సంగతి రాస్తున్నాను.

అపోహ: నెట్ స్లోగా ఉంటే పెద్ద ప్లాన్ వేయించుకోవాలి

పోయిన వేసవిలో కొర్లగుంటలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె మనవడు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాడు. 100 ఎంబీపీఎస్ ప్లాన్ నుంచి 200కి, అక్కడి నుంచి 300కి మారారు. అబ్బాయి కంప్యూటర్లో మాత్రం ఎప్పుడు టెస్ట్ పెట్టినా 94 దాటలేదు. "నెలనెలా ఎక్కువ కడతానే ఉండాం నాయనా, వచ్చేది మాత్రం అంతే" అందామె.

94 చూడగానే నాకు వైరు మీద అనుమానం వచ్చింది. నెట్ వైరు చివర ఉండే ప్లాస్టిక్ పిన్నులో సన్నటి తీగలు ఎనిమిది ఉంటాయి. 100 ఎంబీపీఎస్ వెళ్లడానికి వాటిలో నాలుగు చాలు. 1000 వెళ్లాలంటే ఎనిమిదీ బాగుండాలి. మిగతా నాలుగులో ఒక్కటి తెగినా రౌటర్, కంప్యూటర్ రెండూ చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. అందులోనూ కొంత లోపలి లెక్కలకు పోగా చేతికొచ్చేది 94, 95. ఆ ఇంట్లో వైరు తలుపు సందులోంచి వెళ్తోంది. తలుపు వేసినప్పుడల్లా నలిగి, పైతొడుగు బాగానే ఉన్నా లోపల నీలం తీగ తెగిపోయింది. ఆ వైరు తీసేసి, గోడ పక్కగా కొత్తది లాగి రెండు వైపులా పిన్నులు కొట్టాను. అప్పటికప్పుడే 280 దాటింది.

ఇది మీరే చూసుకోవచ్చు. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, దాంట్లో ఈథర్‌నెట్ నొక్కితే లింక్ స్పీడ్ కనిపిస్తుంది. 1000 ఉంటే వైరు బాగున్నట్టు. 100 అని ఉంటే వైరన్నా పాడై ఉండాలి, రౌటర్‌లోనో కంప్యూటర్‌లోనో వైరు గుచ్చే పోర్టన్నా 100 వరకే అయ్యుండాలి. చవక రౌటర్లలో చాలావాటికి పోర్టులే 100 వరకు ఉంటాయి. వాటికి 300 ప్లాన్ తగిలించడం దండగ. వైరు కొనేటప్పుడు క్యాట్ 5ఈ అడగండి, ఇంటికి అది చాలు. 100 మీటర్ల దాకా 1000 ఎంబీపీఎస్ మోస్తుంది. అయితే పూర్తి రాగిదే తీసుకోండి. తీగను బ్లేడుతో గీరితే లోపల తెల్లగా మెరిసిందా, అది రాగి పూత పూసిన అల్యూమినియం. రెండుసార్లు వంచితే విరిగిపోతుంది.

ఇంకో మాట. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో డౌన్‌లోడ్ సెకనుకు 12 ఎంబీ దగ్గరే ఆగుతోందని ఫోన్ చేస్తుంటారు. అక్కడ మోసమేమీ లేదు. కంపెనీ చెప్పేది బిట్లలో, కంప్యూటర్ చూపించేది బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 100ని 8తో భాగిస్తే పన్నెండున్నర.

అపోహ: వైఫై గీతలు నిండుగా ఉంటే నెట్ బాగున్నట్టే

ఆ గీతలు చెప్పేది మీ ఫోన్‌కి, రౌటర్‌కి మధ్య సిగ్నల్ సంగతే. రౌటర్ నుంచి బయటికి లైను తెగిపోయినా గీతలు నిండుగానే ఉంటాయి. ఫైబర్ పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంటే తప్పు లైనులో ఉంది, ఫోన్ ఎన్నిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా లాభం లేదు.

అపార్ట్‌మెంట్లలో ఇంకో తంటా. వైఫై నడిచే దారుల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు మూడే: 1, 6, 11. ఇరవై ఇళ్ల రౌటర్లు ఆ మూడింటి మీదే పడితే గీతలు నిండుగా ఉన్నా వీడియో ఆగి ఆగి వస్తుంది. దగ్గర్లో కూర్చుని వాడేవాళ్లు 5 గిగాహెర్ట్జ్‌కి మారండి. అక్కడ రద్దీ తక్కువ, వేగం ఎక్కువ. గోడలు దాటడం మాత్రం దానికి కష్టం.

రౌటర్‌ను బీరువా వెనక, టీవీ కింద అరలో పెట్టకండి. ఇనుము, నీళ్లు, అద్దం సిగ్నల్‌ను మింగేస్తాయి. హాలు మధ్యలో, మనిషి ఎత్తున పెడితే సగం సమస్య అక్కడే తీరుతుంది. మిద్దె మీద గదికి అందకపోతే రిపీటర్ కొనకండి. చవకవి విన్నదాన్నే అదే ఛానల్లో మళ్లీ చెప్తాయి కాబట్టి వేగం సగానికి పడుతుంది. పైకి ఒక వైరు లాగి, అక్కడ పాత రౌటర్‌నే యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైరులో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే పెట్టెగా పెట్టుకోండి. ఖర్చల్లా వైరుకే.

యాంటెన్నాలు ఆరున్న రౌటరైతే దూరం వస్తుందన్నది కూడా నిజం కాదు. ఎంత పవర్‌తో పంపాలో చట్టమే హద్దు పెట్టింది.

అపోహ: తాళం గుర్తు ఉంటే అసలు సైటే

ఈ ఊళ్లో ఉంటూ దీని గురించి గట్టిగా చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. దర్శనం టికెట్లు, గదులు ఇస్తామని నకిలీ సైట్లు పుడుతూనే ఉన్నాయి. టీటీడీ ఎన్నోసార్లు హెచ్చరించింది. అయినా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు లాడ్జి కౌంటర్ దగ్గర ప్రింటవుట్ పట్టుకుని నిలబడతారు. పిల్లలతో, ముసలివాళ్లతో రాత్రంతా రైల్లో వచ్చి, ఆ రూమే లేదని తెలిసిన క్షణంలో వాళ్ల ముఖాలు నేను చూశాను. "తాళం గుర్తుంది కదా స్వామీ" అని ఒకాయన నాకు ఫోన్ చూపించాడు.

తాళం చెప్పేది ఒక్కటే: మీకూ ఆ సైట్‌కీ మధ్య వెళ్లే మాటలు దారిలో ఎవరూ చదవలేరని. అవతల ఉన్నది దొరా, దొంగా అన్నది దాని పని కాదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి సంస్థలు ఆ తాళానికి కావాల్సిన సర్టిఫికెట్ ఉచితంగానే ఇస్తాయి, ఎవరైనా పది నిమిషాల్లో తెచ్చుకోవచ్చు. జనం తాళాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే 2023లో క్రోమ్ ఆ గుర్తునే తీసేసింది.

చూడాల్సింది అడ్రసు. దాన్ని కుడివైపు చివరి నుంచి చదవండి. టీటీడీ సైట్ పేరు 'ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' అని ముగుస్తుంది. 'గవ్ డాట్ ఇన్' ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. 'ఏపీ-గవ్-దర్శన్ డాట్ కామ్' లాంటిది కనిపిస్తే ముందున్న మాటలన్నీ అలంకారం, చివర ఉన్న 'డాట్ కామ్' ఎవరైనా కొనుక్కోగలిగేది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

అపోహ: వెబ్‌సైట్‌కి డబ్బు కట్టాం, ఇక అది మాదే

శ్రీకాళహస్తిలో కలంకారీ చీరలు అమ్మే ఒకావిడ సైట్ ఒక ఉదయం మాయమైంది. చేసిచ్చిన కుర్రాడి ఫోన్ స్విచాఫ్. చూస్తే డొమైన్, అంటే సైట్ పేరు, ఆ కుర్రాడి మెయిల్ ఐడీ మీద కొన్నాడు. గడువు తీరిపోయింది, హెచ్చరికలన్నీ అతనికే వెళ్లాయి. ఆర్డర్లు వచ్చే మెయిల్ కూడా ఆ పేరు మీదే కాబట్టి అదీ ఆగింది. ఏడాదికి వెయ్యి, పన్నెండొందల దగ్గర పోయే వ్యవహారానికి ఆమె మూడు వారాలు నిద్రపోలేదు.

డొమైన్ వేరు, హోస్టింగ్, అంటే సైట్ ఫైళ్లు ఉండే చోటు, వేరు. మొదటిది ఇంటి చిరునామా, రెండోది ఇల్లు. డొమైన్ ఎవరికీ శాశ్వతంగా అమ్మరు, ఒకేసారి పదేళ్లకు మించి ఇవ్వరు. డాట్ కామ్ గడువు తీరాక మామూలుగా కొన్ని వారాలు పాత ధరకే తీసుకోవచ్చు. ఆ తర్వాత 30 రోజులు భారీ ఫీజు కట్టాలి. అదీ దాటితే ఇంకో ఐదు రోజుల తర్వాత ఎవరైనా కొనేసుకోవచ్చు. కాబట్టి డొమైన్ మీ పేరుతో, మీ మెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో మీరే కొనండి. చేసేవాళ్లకు అవసరమైనంత వరకే యాక్సెస్ ఇవ్వండి. ఇప్పటికే సైట్ ఉంటే, ఈ రోజే ఫోన్ చేసి ఎవరి పేరు మీద ఉందో అడగండి.

అన్‌లిమిటెడ్ హోస్టింగ్ అన్నా ఫైళ్ల సంఖ్యకు, ప్రాసెసర్ వాడకానికి లోపల హద్దులుంటాయి. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకుండా రెన్యువల్ ధర అడగండి.

అపోహ: డీటీపీలో కొట్టిన తెలుగునే సైట్లో పెట్టొచ్చు

డీటీపీలో వాడే అను ఫాంట్లలో కొట్టిన అక్షరం లోపల తెలుగు అక్షరం కాదు. ఇంగ్లిష్ గుర్తులకు తెలుగు బొమ్మ తొడిగినది. ఆ ఫాంట్ లేని ఫోన్లో పిచ్చిగీతలు కనిపిస్తాయి. బొమ్మగా మార్చి పెడితే గూగుల్‌లో ఎవరు వెతికినా సులువుగా దొరకదు. సైట్‌కి యూనికోడ్ తెలుగే కావాలి, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండి ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనిపించేది. మండలి, రామభద్ర లాంటి చక్కటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. మన భాషలో రాసుకున్నది మనవాళ్లకే దొరక్కపోతే ఎంత నష్టం!

అపోహ: డ్రైవ్‌లో ఉంది కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే

గూగుల్ డ్రైవ్ సింక్ అద్దం లాంటిది. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది, చెత్తబుట్టలో 30 రోజులే ఉంటుంది. వైరస్ ఫైళ్లను పాడుచేస్తే పాడైనవే పైకి వెళ్తాయి. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఇంటి బయట. ఈ లెక్క పాటించండి.

2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు చెరువులైనప్పుడు, నాకు తెలిసిన ఒక ప్రింటింగ్ షాపాయన కంప్యూటర్, దాని పక్కనే పెట్టిన బ్యాకప్ డిస్కు ఒకే నీళ్లలో మునిగాయి. పదిహేనేళ్ల పెళ్లిపత్రికల డిజైన్లు పోయాయి. ఇప్పుడాయన ప్రతి ఆదివారం ఒక డిస్కు చంద్రగిరిలో బావమరిది ఇంట్లో పెట్టి, అక్కడున్నది తెచ్చుకుంటాడు. తెచ్చినదాంట్లో ఏదో ఒక పత్రిక తెరిచి, అక్షరాలు సరిగ్గా కనిపిస్తున్నాయని చూసుకున్నాకే దాని మీద కొత్త కాపీ తీస్తాడు.