స్కూలు దారి: అమ్మానాన్నల అపోహలు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసిన వాస్తవాలు

కాగితం మీద మా ఉద్యోగం పేరు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్. ఊళ్లో అలా ఎవరూ పిలవరు, ‘బ్రేక్ ఇన్‌స్పెక్టర్’ అంటారు. ఏటా బడులు తెరిచే ముందు స్కూలు బస్సులన్నీ మా మైదానంలో వరస కడతాయి. బ్రేకులు, టైర్లు, ఎమర్జెన్సీ డోరు, మంటలార్పే సిలిండరు చూసి ఫిట్‌నెస్ ఇస్తాం. సిలిండరు గడువు తీరిందని తెలిస్తే తల్లిదండ్రులు గొడవ పెట్టుకుంటారు. పెట్టుకోవాలి కూడా. కానీ సాయంత్రం బడి వదిలే వేళకి వాళ్లలోనే కొందరు ఒకే స్కూటీ మీద నలుగురై ఇంటికి వెళ్తుంటారు. ఈ రాత ఆ స్కూటీ గురించే.

అపోహ: “ముందు నిలబెట్టుకుంటే నా కళ్లెదుటే ఉంటాడు”

వెనక కూర్చోబెడితే నిద్రలో జారిపోతాడన్న భయం అర్థం లేనిది కాదు. కానీ ముందు నిలబడ్డ పిల్లల చేతికి మొదట అందేది ఏమిటో చూడండి: ఎక్సలేటర్.

ఒకరోజు పాలబూత్ దగ్గర ఒకావిడ స్కూటీ ఆపింది. ఇంజన్ ఆపలేదు. ఒక కాలు కింద పెట్టి, డబ్బులివ్వడానికి కుడిచెయ్యి చాపింది. ముందు నిలబడ్డ పాపకి మూడేళ్లుంటాయేమో. బండి కాస్త ఒరిగేసరికి పడిపోతానని హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది. పట్టుకోవడంలో చిన్న మణికట్టు తిరిగింది. బండి ఒక్క ఉదుటున వెళ్లి కాలువ గట్టుకి గుద్దుకుంది. పాప పెదవి చిట్లింది, గండం అంతటితో పోయింది. “నేను పట్టుకునే ఉన్నాను సార్” అందామె వణుకుతూ. నిజమే, పట్టుకునే ఉంది. ఎడమచేత్తో పాప భుజం పట్టుకుంది, బ్రేకు కాదు.

ఇంకోటి. సడన్ బ్రేకు పడితే వెనకున్న పెద్దవాళ్ల బరువంతా ముందున్న పిల్లల మీదే పడుతుంది. హ్యాండిల్‌కీ మనకీ మధ్య వాళ్లే దిండు.

2023 ఫిబ్రవరి 15 నుంచి దీనికి నిబంధన ఉంది. నాలుగేళ్లలోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే, వాళ్లకి చొక్కాలా తొడిగి నడిపేవాళ్ల భుజాలకి తగిలించుకునే బెల్టు ఉండాలి. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకి తలకి సరిపోయే హెల్మెట్ ఉండాలి. వేగం 40 కిలోమీటర్లు మించకూడదు. నాలుగేళ్లు దాటితే పెద్దవాళ్లలాగే హెల్మెట్ తప్పనిసరి. నాన్న హెల్మెట్ పిల్లవాడికి తగిలిస్తే అది బోర్లించిన గిన్నె. వెనకనుంచి పైకి తోసి చూడండి, ముందుకి ఊడొస్తే అది ఉన్నా లేనట్టే.

వెనక కూర్చోబెట్టినప్పుడు చూడాల్సింది కాళ్లు. పొట్టి కాళ్లు ఫుట్‌రెస్ట్‌కి అందవు, గాల్లో ఊగుతుంటాయి. నిద్ర ముంచుకొస్తే మడమ చక్రంలోకి పోతుంది. అందుకే వెనక చక్రాన్ని సగం కప్పే గార్డు ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే రాశారు. మనవాళ్లేమో అందం పోతుందని కొత్త బండి కొన్న వారానికే దాన్ని విప్పించేస్తారు. అమ్మ చీరకొంగుకీ, అక్క చున్నీకీ కూడా అదే రక్ష.

అపోహ: “కారులో ఒళ్లో కూర్చోబెట్టుకుంటే సీటు కంటే భద్రం”

50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు దేన్నైనా గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి. ఒళ్లో ఉన్న 10 కిలోల బిడ్డని ఆపడానికి దాదాపు 140 కిలోల బరువు మోసినంత బలం కావాలి. బియ్యం బస్తాలు మోసే హమాలీ చేతులు కూడా ఆపలేవు. ముందు సీట్లో అయితే ఎయిర్‌బ్యాగ్ నేరుగా బిడ్డ మీదకే విచ్చుకుంటుంది. పిల్లల సీటు బిగించాల్సింది వెనకే. 14 ఏళ్లలోపు వాళ్లకి బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా.

అపోహ: “మావాడు పెద్దవాళ్లకంటే బాగా నడుపుతాడు”

తనిఖీల్లో ఎక్కువగా వినే మాట ఇదే. “ఏడో తరగతి నుంచే నడుపుతున్నాడు సార్, మీరేం గాభరా పడకండి” అని ఒక తండ్రి నాకే ధైర్యం చెప్పాడు. ముఖంలో గర్వం దాచుకోలేదు.

హ్యాండిల్ తిప్పడం ఎవరికైనా వారంలో వస్తుంది. సందులోంచి గేదె వస్తుందేమో, ఆగిన ఆటో తలుపు తెరుచుకుంటుందేమో అని ముందే అనుమానించడం రావడానికి ఏళ్లు పడుతుంది. పదహారేళ్లకే లైసెన్స్ ఇస్తారు కదా అంటారు. అది 50 సీసీ దాటని బండికి. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న స్కూటీ 110 లేదా 125. చార్జింగ్ బండికి లైసెన్స్ అక్కర్లేదనేది కూడా సగమే నిజం. 250 వాట్ల లోపు, గంటకి 25 కిలోమీటర్లు దాటని వాటికే ఆ మినహాయింపు.

2019లో చట్టం సవరించాక, మైనర్ నడిపి నేరం చేస్తే సంరక్షకుడు గానీ బండి యజమాని గానీ దోషి అవుతారు. తమకి తెలియకుండా జరిగిందని వాళ్లే రుజువు చేసుకోవాలి. శిక్ష మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. బండి అమ్మ పేరున ఉన్న ఇళ్లు చాలా చూశాను, తాళం నాన్న ఇచ్చినా కాగితాల్లో ముందు కనిపించేది అమ్మే. ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకి కట్టినా, ఆ సొమ్ము తిరిగి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు.

అపోహ: “నడిచేవాళ్లు కూడా ఎడమ పక్కనే నడవాలి”

చిన్నప్పుడు బళ్లో మనకీ ఇదే చెప్పారు. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడిపక్కన నడిస్తే ఎదురొచ్చే బండి కనిపిస్తుంది, ఎడమపక్కన నడిస్తే వెనకనుంచి వచ్చేది కనిపించదు. పిల్లల్ని రోడ్డుకి దూరంగా ఉన్న వైపు నడిపించండి. వేలు కాదు, మణికట్టు పట్టుకోండి.

అపోహ: “లేటైంది, కాస్త తొక్కితే బెల్ కొట్టేలోగా అందుకుంటాం”

బడి మూడు కిలోమీటర్లనుకుందాం. 40లో నాలుగున్నర నిమిషాలు, 60లో మూడు. మిగిలింది నిమిషంన్నర. అడ్డం పడిన దాన్ని చూసి బ్రేకు నొక్కి ఆగడానికి 40లో సుమారు 20 మీటర్లు కావాలి, 60లో 37 మీటర్లు. ఆ అదనపు 17 మీటర్లలో, గేటు ముందు, ఎవరి పిల్లలో ఒకరు ఉంటారు.

అపోహ: “అధికారులు పట్టించుకోరు, మనమే స్పీడ్ బ్రేకర్ వేసుకుందాం”

ఒక ఊళ్లో బడి ముందు పిల్లవాడికి బైకు తగిలింది. ఆ రాత్రే ఊరివాళ్లు కంకర, సిమెంటు తెచ్చి దిమ్మె కట్టేశారు. వాళ్ల కోపం న్యాయమైనదే. దిమ్మె మాత్రం మోకాలి ఎత్తుకి కాస్త తక్కువ, రంగు లేదు, బోర్డు లేదు. పది రోజులకి చీకట్లో భర్త వెనక బిడ్డనెత్తుకుని కూర్చున్న ఒకావిడ దాని మీద ఎగిరిపడింది. బిడ్డకి ఏమీ కాలేదు, ఆమె చెయ్యి విరిగింది.

సరైన దిమ్మె ఎత్తు 10 సెంటీమీటర్లే. వెడల్పు 3.7 మీటర్లు, అంటే ఒక చిన్న కారు పొడవంత. బండి 25 వేగంతో దాటితే ఒళ్లు కుదపకుండా దాటాలి, అంతకు మించితే కుదపాలి. దాని లెక్క అది. తెల్లచారలు, ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి. ఊరి రోడ్డయితే పంచాయతీకి, పెద్ద రోడ్డయితే ఆర్ అండ్ బీకి అర్జీ పెట్టుకోవాలి. బడి పేరు, బడి మొదలయ్యే వదిలే వేళలు, ఫోటో, తల్లిదండ్రుల సంతకాలు ఉంటే చాలు.

ఆ ఊళ్లో అర్జీ ఒక్క పేజీ, సంతకాలు మూడు పేజీలు. పాత దిమ్మె తవ్వి కొత్తది వేయడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఇద్దరు నాన్నలు వంతులేసుకుని, పొద్దున్నా సాయంత్రం ఎర్ర గుడ్డ కట్టిన కర్రతో గేటు ముందు నిలబడ్డారు.