హంపీకి రండి, పొద్దు గూకేలోగా వెళ్లిపోండి

హంపీ చుట్టుపక్కల హోమ్‌స్టేల గొడవ మళ్లీ రాజుకుంది. 2025 మార్చిలో సాణాపుర దగ్గర రాత్రిపూట పర్యాటకుల మీద జరిగిన ఘోరం, అందులో ఒకరి ప్రాణం పోవడం దేశమంతా విన్నదే. నేరం సంగతి కోర్టు చూసుకుంటుంది. చర్చ మాత్రం చూస్తుండగానే నేరం మీంచి గదుల మీదికి జారింది. ఎన్నింటికి అనుమతి ఉంది? లేనివాటిని ఇన్నాళ్లూ ఎవరు చూసీచూడనట్టు వదిలేశారు? అసలు ఆ శిథిలాల మధ్య రాత్రి మనిషి పడుకునే చోటంటూ ఉండాలా, అక్కర్లేదా? ఈ ఆఖరి ప్రశ్న మాత్రం పాతికేళ్లుగా నలుగుతున్నదే.

హరిహర బుక్కరాయల దగ్గర ఎత్తుకుని 1565లో రాక్షసి తంగడి దాకా చెప్పుకొస్తే పేజీ నిండుతుంది గానీ ఈ తగవు అర్థం కాదు. తెలుగు పాఠకుడికి ఆ కథ చెప్పాల్సిన పనీ లేదు, రాయలవారిని మనింటి మనిషిలా తలుచుకునేవాళ్లం. (1953లో బళ్లారి మైసూరు వైపు వెళ్లకుండా ఉంటే ఈ తలనొప్పి కూడా మనదే అయ్యేదేమో.) ఇవాళ్టి గొడవకు కావలసిన ఏడాది 1999.

ఆ ఏడాది యునెస్కో హంపీని 'ప్రమాదంలో ఉన్న ప్రపంచ వారసత్వం' జాబితాలోకి ఎక్కించింది. కారణం గుడి కూలడమో, విగ్రహం పోవడమో కాదు. తుంగభద్ర మీద కడుతున్న రెండు వంతెనలు. ఒకటి హంపీ వైపు తళారిఘట్ట నుంచి అవతలి ఒడ్డున ఉన్న ఆనెగొందికి బళ్లూ బస్సులూ పోయేది, రెండోది హంపీ నుంచి నదిలోని విరూపాపుర గడ్డి అనే ద్వీపానికి నడిచి వెళ్లేది. రెండూ తీగల ఆధారంతో వేలాడే నమూనాలు. రక్షిత ప్రాంతం నడిబొడ్డున కాంక్రీటు లేస్తే ఆ రాళ్ల నేల రూపే మారిపోతుందని, వంతెన వెనకే లారీలూ కొత్త కట్టడాలూ వస్తాయని యునెస్కో భయం. ఆ భయంలో నిజం లేకపోలేదు.

కానీ వంతెన అడిగిందెవరో కూడా చూడాలి. ఆనెగొంది విజయనగరం కన్నా పాత ఊరు. అక్కడి మనిషి ఎదురుగా కనిపిస్తున్న హంపీ ఒడ్డుకు రావాలంటే అప్పట్లో పుట్టి ఎక్కాల్సి వచ్చేది. నది పొంగితే పుట్టి కట్టేసేవారు. అప్పుడిక గంగావతి మీదుగా పదుల కిలోమీటర్లు చుట్టి రావాల్సిందే. పిల్లల చదువుకైనా, ఆసుపత్రికైనా, హోస్పేట సంతకైనా అదే దారి. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా ఇక్కడ బుట్టల్లాంటి గుండ్రటి పడవల్లో జనం ఏరు దాటడం చూసి రాసుకున్నాడు. ఐదొందల ఏళ్లలో ఆనెగొంది జనానికి అందిన సౌకర్యం అంతే. తమాషా ఏమిటంటే విజయనగరం కాలంలో ఇదే నదికి రాతి వంతెన ఉండేది. విఠల దేవాలయం నుంచి నది వైపు నడిస్తే దాని స్తంభాలు వరసగా నీళ్లలో నిలబడి కనిపిస్తాయి. టికెట్టు కొనుక్కున్నవాళ్లు వాటికి ఫొటోలు తీసుకుంటారు.

వంతెన పని ఆగింది, మళ్లీ సాగింది. చివరికి ఆనెగొంది వంతెన 2009 జనవరిలో కడుతుండగానే కూలిపోయి కూలీల ప్రాణాలు తీసింది. విరూపాపుర గడ్డికి వెళ్లే నడక వంతెన లేకుండానే పోయింది. వాహనాల వంతెన తర్వాత ఎప్పుడో కడేబాగిలు దగ్గర, హంపీ కంటికి ఆనని చోట వచ్చింది. వంతెనల కథ అక్కడితో ముగిసింది. అవి పుట్టించిన కాగితాల కథ మాత్రం ఇంకా నడుస్తోంది.

ప్రమాద జాబితా లోంచి బయటపడాలంటే మాకో పద్ధతి ఉందని ఢిల్లీ, బెంగళూరు చూపించుకోవాలి. అంతకుముందు హంపీలో ఎవరి పెత్తనం వాళ్లది. పెద్ద కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖవి, మిగతావి రాష్ట్ర పురావస్తు శాఖవి, విరూపాక్షుడి గుడి దేవాదాయ శాఖది, వీధి దీపం పంచాయతీది. 1986లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చినప్పుడు కూడా ఈ గందరగోళం అలాగే ఉంది, ఆ గందరగోళంలోనే జనం బతికారు. 2002లో కర్ణాటక ప్రత్యేక చట్టం చేసి వీటన్నిటి నెత్తిన హంపీ ప్రపంచ వారసత్వ ప్రాంత నిర్వహణ ప్రాధికార అనే సంస్థను కూర్చోబెట్టింది. అక్కడివాళ్లు పొట్టిగా 'ప్రాధికార' అంటారు. దాని పరిధి 236 చదరపు కిలోమీటర్లు. అందులో నడిమి భాగమే దాదాపు 42 చదరపు కిలోమీటర్లు. మొత్తం 29 ఊళ్లు. ఇవి ఖాళీ ఊళ్లు కావు. రాయల కాలంలో తవ్విన తురుత్తు కాలువ, బసవన్న కాలువ నీళ్లతో ఇప్పటికీ వరీ అరటీ చెరకూ పండిస్తున్న ఊళ్లు. ఆ రైతు ఇంటిమీద ఒక గది వేసుకోవాలన్నా ఇక పంచాయతీ సంతకం సరిపోదు.

2006లో యునెస్కో హంపీని ప్రమాద జాబితా నుంచి తీసేసింది. అధికారులకు అది గెలుపు. హంపీ బజారులో ఉన్నవాళ్లను అడిగితే, తమ ప్రమాదం అక్కడే మొదలైందంటారు.

బజారు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. విరూపాక్ష గోపురం ముందు నుంచి తూర్పుగా ముప్పావు కిలోమీటరు పొడవున సాగే రథవీధి అది. రెండు వైపులా రాతి స్తంభాల మండపాలు. పేస్ ఈ వీధి గురించి కూడా రాశాడు. వరండాలతో అందమైన ఇళ్లున్నాయని, గుడికొచ్చే యాత్రికులు అక్కడే బస చేస్తారని, గొప్పవాళ్లకు వేరే విడుదులున్నాయని, రాజుగారికి కూడా ఆ వీధిలో ఒక భవనం ఉందని. అంటే సామ్రాజ్యం వైభవంగా ఉన్న రోజుల్లో ఇది సత్రాల వీధి. పరాయి ఊరివాడు రాత్రి తల దాచుకునే చోటు. సామ్రాజ్యం పోయినా విరూపాక్షుడి పూజ ఆగలేదు, చైత్రంలో తేరు కదలడం ఆగలేదు. జనం ఆ మండపాల్లోకి చేరారు. స్తంభాల మధ్య గోడలు పెట్టుకున్నారు, ముందు అంగడి, వెనక కాపురం. కొబ్బరికాయలూ కుంకుమా అమ్మిన చోటే తర్వాత టీ, ఆమ్లెట్, ఇంటర్నెట్, విదేశీయులకు అద్దె గదులు. పేస్ చూసినదానికీ దీనికీ మధ్య తేడా ఎంత అన్నదే వాదన.

2011 జూలై 29న బుల్డోజర్లు వచ్చాయి. కర్ణాటక హైకోర్టు ఆదేశం ఉందని జిల్లా యంత్రాంగం చెప్పింది. మూడొందలకు పైగా కుటుంబాలు. ముందు గోడల మీద ఎర్ర రంగు గుర్తులు పడ్డాయి, ఆ తర్వాత ఖాళీ చేయడానికి ఇచ్చిన గడువు గంటల్లో లెక్కే. పొయ్యి మీద గిన్నె దించి గిన్నెతో సహా వీధిలో నిలబడ్డామని చెప్పినవాళ్లున్నారు. ఎన్ని తరాలుగా ఉన్నామో చెప్పుకోవడానికి వాళ్ల చేతిలో ఉన్నవి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, రేషన్ కార్డులు. ప్రభుత్వమే ఇచ్చిన కాగితాలు. ప్రభుత్వం దృష్టిలో అవి ఆక్రమణకు సాక్ష్యాలయ్యాయి. నాలుగు కిలోమీటర్ల అవతల కద్దిరాంపుర దగ్గర ఇళ్ల స్థలాలు చూపించారు. అవి చేతికి రావడానికి ఏళ్లు పట్టింది. గుడి ముందు పూలమ్ముకునే మనిషికి నాలుగు కిలోమీటర్ల అవతల స్థలమిస్తే ఇల్లు వస్తుంది, బేరం రాదు. మండపాలను కాపాడటానికి తెచ్చిన యంత్రాలే మండపాల రాళ్లను కదిలించాయన్న ఆరోపణ కూడా అప్పుడే వచ్చింది.

అధికారుల వాదనా చెప్పాలి. మండపాల కప్పులు పొగచూరాయి, చెక్కిన స్తంభాలకు సిమెంటు పూశారు, మురుగు పోయే దారి లేదు, గోపురం ముందు వైర్ల వల. అవన్నీ నిజమే, పాత ఫొటోల్లో కనిపిస్తాయి. చట్టం తమ చేతులు కట్టేసిందని కూడా అంటారు. రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్లు అనుమతి తప్పనిసరి అని కేంద్ర పురావస్తు చట్టానికి 2010లో వచ్చిన సవరణ ఖరాఖండీగా చెప్పింది. అడుగుకో మండపమున్న హంపీలో ఆ లెక్కన కొలిస్తే కొత్తగా ఇటుక పెట్టే జాగా వెతుక్కోవాలి.

రెండో దెబ్బ నదికి అవతల పడింది. విరూపాపుర గడ్డి నదీ పాయల మధ్య ద్వీపం. కొప్పళ జిల్లా గంగావతి తాలూకా. అప్పట్లో అక్కడ వరి మడుల ఒడ్డున గుడిసెలు, ఊయలలు, ఇజ్రాయెల్ వంటకాలు దొరికే చిన్న హోటళ్లు. పర్యాటకులు 'హిప్పీ ఐలాండ్' అని పేరు పెట్టుకున్నారు. గుళ్లున్న ఒడ్డున దొరకని ఆహారం, పానీయం అటు దొరుకుతాయన్నది ఆకర్షణలో సగం. యజమానుల్లో చాలామంది తమది పట్టా భూమి, పంచాయతీ అనుమతి ఉంది అన్నారు.

ఇక్కడ కథ 1988కి వెనక్కి వెళ్తుంది. ఆ ఏడాది రాష్ట్ర ప్రభుత్వం 1961 నాటి కర్ణాటక పురావస్తు చట్టం కింద ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. దాంతో రక్షణ దక్కింది ఆ ఊళ్లలోని కట్టడాలకా, లేక ఊళ్లకు ఊళ్లకేనా? కట్టడాలకే అని రిసార్టుల వాళ్ల వాదన. మొత్తం ఊళ్లకే అని ప్రాధికార వాదన. చిత్రమేమిటంటే నోటిఫికేషన్ వచ్చి పదేళ్లు దాటినా ఆ ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు. 1999 తర్వాత ప్రాధికార పుట్టాకే ఆ పాత కాగితం దుమ్ము దులిపారు. 2015లో హైకోర్టు, 2020 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ప్రాధికార వైపే తీర్పు చెప్పాయి. రక్షిత ప్రాంతమంటే ఊరు మొత్తం అని తేలిపోయింది. మార్చి మొదట్లో గడ్డి మీద కూల్చివేత జరిగింది, ఆ నెలాఖరుకే కరోనా లాక్‌డౌన్ వచ్చింది. కూల్చివేత మీద పెద్దగా మాట్లాడుకునే వ్యవధి ఎవరికీ దొరకలేదు.

గదులు పోయాయా అంటే పోలేదు, జరిగాయి. గడ్డి నుంచి సాణాపురకు, ఆనెగొందికి, అంజనాద్రి కొండ దారికి. (ఆ కొండే హనుమంతుడి జన్మస్థలమని అక్కడివాళ్లు, కాదు తిరుమల అంజనాద్రే అని 2021లో తితిదే. అది వేరే తగవు, దానికి వేరే కథనం కావాలి.) ఒక వీధిలో అందరి కళ్లముందు ఉన్న బసలు చెట్ల వెనక్కి, పొలాల మధ్యకి, దీపం లేని దారుల్లోకి వెళ్లాయి. సాణాపుర ఘటన తర్వాత భద్రత గురించి అడుగుతున్నవాళ్లు ఈ జరుగుడును లెక్కలోకి తీసుకున్నట్టు కనిపించదు. అనుమతి తీసుకుని నడపొచ్చు కదా అనడం తేలికే. వారసత్వ పరిధిలోని పల్లెలో ఆ అనుమతి ఏ గుమ్మం దగ్గర దొరుకుతుందో, ఎన్ని గుమ్మాలెక్కాలో దరఖాస్తు పెట్టినవాళ్లకే తెలుసు. వేరే దారి లేకపోలేదు. ఆనెగొందిలో కిష్కింద ట్రస్ట్ 1990ల చివర్లోనే పాత ఇళ్లను కూల్చకుండా బాగుచేసి అతిథులకు ఇవ్వడం, ఆడవాళ్లకు అరటి నారతో బుట్టలూ చాపలూ అల్లడం నేర్పడం మొదలుపెట్టింది. దాన్ని మెచ్చుకోని అధికారి లేడు. అలాంటిది ఇంకో పది ఊళ్లలో రావాలంటే నియమాలు ఎలా ఉండాలో రాసిన అధికారీ కనిపించడు.

ఇప్పుడు హంపీ చూసొచ్చేవాళ్ల రోజు ఎలా గడుస్తుందంటే, రాత్రి రైలుకో కారుకో బయల్దేరి పొద్దున్నే హోస్పేటలో దిగుతారు. లాడ్జిలో స్నానం, అక్కణ్ణుంచి పదమూడు కిలోమీటర్లు ఆటో. విరూపాక్షుడి దర్శనం, హేమకూటం, కడలెకాళు గణపతి, ఉగ్ర నరసింహుడు, ఎండ ముదిరేలోపు మహానవమి దిబ్బ, కమల మహల్, ఏనుగుల శాల. మధ్యాహ్నం గెజ్జల మండపం దగ్గర బ్యాటరీ బండి కోసం వరస, విఠలాలయంలో యాభై రూపాయల నోటు మీదున్న రాతి రథం పక్కన ఫొటో. మాతంగ కొండ మీద సూర్యాస్తమయం చూసే ఓపిక ఉన్నవాళ్లు కొందరే. చీకటి పడేసరికి హోస్పేట. డబ్బు కూడా వాళ్లతోపాటే హోస్పేట వెళ్తుంది. గుడి పక్క జనతా ప్లాట్ ఇళ్లలో కొన్ని గదులు మిగిలాయి గానీ వాటి మీదా తాళాల భయం వేలాడుతూనే ఉంటుంది.

ఖాళీ చేసిన మండపాలు క్షేమంగా ఉన్నాయా అంటే, 2024 మే నెలలో ఒక వానకు రథవీధిలోని సాలు మండపం (వరస స్తంభాల మండపం) కొంత మేర స్తంభాలతో సహా కూలిపోయింది. అప్పటికి అక్కడ కాపురాలు లేక పదమూడేళ్లు.

ఏటా హంపీ ఉత్సవం పేరుతో ప్రభుత్వమే శిథిలాల మధ్య పెద్ద వేదికలు కడుతుంది. రంగు దీపాలు, సినిమా పాటలు, లక్షల్లో జనం. ఆ మూడు రాత్రులూ జనం పొద్దుపోయేదాకా అక్కడే ఉంటారు. పాట ఆగాక హోస్పేట వెళ్లే ప్రత్యేక బస్సుల కోసం కమలాపురం రోడ్డు వెంట నడుస్తారు.