మీటరా, చెవా: ఆడియో తగాదా వెనుక నూరేళ్ల కథ

ఒక ఆంప్లిఫయర్‌లో డిస్టార్షన్, అంటే అసలు ధ్వనిలో లేనిది యంత్రం కలిపేది, 0.001 శాతం. పక్కనున్న, పాతకాలపు గాజు వాల్వులతో పనిచేసే ట్యూబ్ ఆంప్లిఫయర్‌లో 1 శాతం. కాగితం మీద లెక్క తేలిపోయింది. అయినా రెండూ విన్నవాళ్లలో కొందరు రెండోదే కావాలంటారు. చెవిని నమ్మేవాళ్లకు అర్థం కాదని కొలతల పక్షంవాళ్లు, కొలతల పక్షంవాళ్లకు వినపడదని చెవిని నమ్మేవాళ్లు అనుకోవడం దశాబ్దాలుగా సాగుతోంది. ఈ రంగంలో చివరిదాకా నిలబడ్డ కొలతలన్నీ జాగ్రత్తగా విన్న చెవులు చెప్పినదాన్ని బట్టే ఖరారయ్యాయి. చిక్కంతా ఆ "జాగ్రత్తగా" అన్నమాట దగ్గరే ఉంది.

జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో 1915లో ఎడిసన్ కంపెనీ మొదలుపెట్టిన ప్రదర్శనలే చూపించాయి. వేదిక మీద డైమండ్ డిస్క్ ఫోనోగ్రాఫ్, దాని పక్కన గాయని. ఆమె పాడుతూ మధ్యలో ఆపితే యంత్రం అందుకునేది. కొన్నిచోట్ల దీపాలు కూడా ఆర్పేసేవారు. తేడా తెలియడం లేదని జనం నమ్మారు. ఆ ప్రదర్శనల్లో పాడిన అన్నా కేస్ చాలా ఏళ్ల తర్వాత అసలు సంగతి చెప్పారు: యంత్రం ధ్వనికి సరిపోయేలా ఆమే తన గొంతును మార్చుకునేవారట.

ఆ తర్వాత అంకెల కాలం వచ్చింది. 1945లో బ్రిటన్‌లో హెరాల్డ్ లీక్ తన ఆంప్లిఫయర్‌కు "పాయింట్ వన్" అని పేరు పెట్టారు, డిస్టార్షన్ 0.1 శాతమే అని దాని అర్థం. 1947లో విలియమ్సన్ రూపొందించిన ఆంప్లిఫయర్ సర్క్యూట్ అచ్చయ్యాక ఆ స్థాయి ఇంట్లో సొంతంగా కట్టుకునేవాళ్లకూ అందింది. ఒక్క అంకెతో యంత్రం మంచిచెడులు చెప్పేయొచ్చన్న నమ్మకం అప్పుడే బలపడింది. అది తప్పని బీబీసీ ఇంజినీర్ షార్టర్ 1950లోనే రాశారు. డిస్టార్షన్ అంటే అసలు స్వరానికి రెండింతలు, మూడింతలు, పదింతల ఫ్రీక్వెన్సీల్లో పుట్టే అదనపు స్వరాలు, వీటినే హార్మోనిక్‌లు అంటారు. రెండో హార్మోనిక్ సంగీతంలోనే కలిసిపోతుంది, పదోది గరగరగా బయటపడుతుంది. అందుకే ఒక్కో హార్మోనిక్‌కూ దాని సంఖ్య వర్గాన్ని 4తో భాగించి బరువు ఇవ్వమన్నారు. ఆ లెక్కన రెండోదానికి బరువు 1, పదోదానికి 25. ఈ సూచనను పరిశ్రమ పట్టించుకుని ఉంటే సగం తగాదా పుట్టేదే కాదు.

పట్టించుకోలేదు. ట్రాన్సిస్టర్లు వచ్చాయి, 1970లలో డిస్టార్షన్ అంకెలో సున్నాలు పెంచే పోటీ మొదలైంది. వాటి అవుట్‌పుట్ దశలో తరంగం పైసగాన్ని ఒక ట్రాన్సిస్టర్, కిందిసగాన్ని ఇంకొకటి మోస్తాయి. బయాస్ (ట్రాన్సిస్టర్లలో ఎప్పుడూ పారేలా ఉంచే చిన్న కరెంటు) సరిగ్గా లేకపోతే సున్నా దగ్గర ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేచోట చిన్న మెట్టు పడుతుంది. ఆ మెట్టు పరిమాణం శబ్దంతో పాటు పెద్దగా పెరగదు. కాబట్టి 100 వాట్ల దగ్గర కొలిస్తే 0.05 శాతంగా కనిపించేది, అదే మెట్టు ఉంటే 0.1 వాట్ దగ్గర ఒకటిన్నర శాతం దాటుతుంది. ఇంట్లో మామూలుగా వినేది ఒక వాట్‌కు లోపే. అంటే కరపత్రంలో అచ్చేసిన అంకె ఎవరూ వినని చోట తీసినది. అమెరికాలో వ్యాపార పోటీని, వినియోగదారుల రక్షణను చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ) 1974 నాటి నిబంధన ఈ కిటుకునే పట్టుకుంది: పావు వాట్ నుంచి పూర్తి శక్తి వరకు ఎక్కడ కొలిచినా ప్రకటించిన డిస్టార్షన్ దాటకూడదంది.

అంకెల మీద కోపం మరోవైపు పత్రికలుగా మారింది. గోర్డన్ హోల్ట్ 1962లో "స్టీరియోఫైల్" పెట్టారు, హ్యారీ పియర్సన్ 1973లో "ది అబ్సల్యూట్ సౌండ్" పెట్టారు. యంత్రాన్ని విని తీర్పు చెప్పడమే వాళ్ల పద్ధతి. వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. అయితే ఏది మోగుతోందో తెలిసి, శబ్దమట్టాలు సరిచూడకుండా వినడం ఆ జబ్బుకు మందు కాదు.

మందు 1982లో డేవిడ్ క్లార్క్ వివరించిన ఏబీఎక్స్ పెట్టెలో ఉంది. ఏ ఒక యంత్రం, బీ ఇంకొకటి, ఎక్స్ ఆ రెంటిలో ఏదో ఒకటి. ఏదన్నది వినేవాళ్లకూ తెలియదు, పక్కన నిలబడ్డవాళ్లకూ తెలియదు. ముందుగా 1 కిలోహెర్ట్జ్ స్వరం మోగించి స్పీకర్ తీగల దగ్గర వోల్ట్‌మీటర్ పెట్టాలి. ఒకటి 2.83 వోల్టులు చూపిస్తే రెండోది 0.03 వోల్టు కంటే ఎక్కువ తేడా చూపకూడదు, అంటే 0.1 డెసిబెల్. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. అర డెసిబెల్ తేడా "శబ్దం ఎక్కువ" అన్నట్టు తోచదు, "స్పష్టంగా ఉంది, లోతుంది" అన్నట్టు తోస్తుంది. తర్వాత ఎక్స్ ఏదో 16 సార్లు ఊహించాలి. 12 సరిపోతే అది గుడ్డిలెక్క అయ్యే అవకాశం 100కి 4 కంటే తక్కువ. 9 మాత్రమే సరిపోతే తేడా లేదని రుజువైనట్టు కాదు, ఈ పరీక్షలో బయటపడలేదని మాత్రమే.

ట్యూబ్ ఆంప్లిఫయర్ మాత్రం ఈ పరీక్షలో చాలాసార్లు దొరికిపోతుంది. దానికి కారణం మీటరుకు అందనిదేమీ కాదు. దాని అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డు, 2 ఓంలు అనుకుందాం. స్పీకర్ ఇంపిడెన్స్ ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర 4 ఓంలు, మరోచోట 20 ఓంలు ఉంటే, ఆ రెండు చోట్ల మధ్య దాదాపు 2.7 డెసిబెల్ హెచ్చుతగ్గు వస్తుంది. డిస్టార్షన్ శాతం చెప్పని రుచి అక్కడుంది. 0.05 ఓంలున్న ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌లో అదే తేడా 0.1 డెసిబెల్‌కు లోపే.

స్పీకర్ల విషయంలో మీటరూ చెవీ నిజంగా కలిసి పనిచేశాయి. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ తెర వెనుక స్పీకర్లు పెట్టి వినిపించి, అదే స్పీకర్లను ప్రతిధ్వని లేని గదిలో చుట్టూ అన్ని కోణాల్లో కొలిచారు. ఎదురుగా సమంగా, పక్కలకు మెల్లగా తగ్గుతూ మోగేవే జనానికి నచ్చాయి. 1994లో ఆయనా షాన్ ఆలివ్ 40 మందికి నాలుగు స్పీకర్లు చూపిస్తూ ఒకసారి, దాచి ఒకసారి వినిపించారు. కంటికి కనబడితే పెద్దవాటికి మార్కులు పెరిగాయి, చిన్న ప్లాస్టిక్ సెట్‌కు పడిపోయాయి. 2004లో ఆలివ్ 70 స్పీకర్ల కొలతల నుంచి కట్టిన సూత్రం, దాచి విన్నవాళ్ల ఇష్టంతో 0.86 సహసంబంధం చూపింది (1 అంటే పూర్తిగా సరిపోవడం).

ఇప్పుడు సైనాడ్ (సంకేతంతో పోలిస్తే రొద, డిస్టార్షన్ కలిపి ఎంత తక్కువో చెప్పే కొలత) అనే ఒక్క అంకెతో పాత పొరపాటే మళ్లీ వస్తోంది. 110 డెసిబెల్ సైనాడ్ అంటే దోషమంతా కలిపి 0.0003 శాతం. అక్కణ్నుంచి 120కి ఎక్కడం ఇంజినీరు పనితనానికి గుర్తే, కానీ వినే గదిలో దానివల్ల వచ్చేదేమీ లేదు. ఆ పక్కనే స్పీకర్ బిగ్గరగా బేస్ మోగిస్తూ ఒక శాతం డిస్టార్షన్ పుట్టిస్తోంది. సైనాడ్ అంకె సాధారణంగా 1 కిలోహెర్ట్జ్ దగ్గర, ఒకే శక్తి స్థాయిలో తీసినది. ఆంప్లిఫయర్ ఎంచుకునేవాళ్లు దాన్ని పక్కనపెట్టి మూడు అడగాలి: పావు వాట్ నుంచి పూర్తి శక్తి దాకా డిస్టార్షన్ గీత, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా అదే గీత, అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఎన్ని ఓంలో.